దొంగకి ఏ యాస పెట్టాలి?

ఏ మైకు కొనాలని అడక్కండి

శబ్దం పని నేర్చుకుందామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది, ఏ మైకు కొనమంటారని. నాకు ఒళ్ళు మండుతుంది. మైకు కొట్లో దొరుకుతుంది, చెవి దొరకదు అని కసురుకుంటాను. తర్వాత పాపం అనిపించి కాఫీ ఇప్పించి, తెలిసింది చెబుతాను. ఇప్పుడు రాస్తున్నది కూడా అలాంటిదే. కసురుకోవడం అయిపోయింది, ఇక కాఫీ తాగుతూ చదవండి.

నా ఉద్యోగమంతా రామంతాపూర్‌లో ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో గడిచింది. తెర మీద ఒకరు పెదాలు కదుపుతారు, గాజు గదిలో ఇంకొకరు మాట్లాడతారు. ఆ రెండింటినీ అతుకు కనపడకుండా అతికించడం నా పని. బాగా చేస్తే ఎవరికీ తెలియదు, పాడుచేస్తే ఊరంతా నవ్వుతుంది. ఇలాంటి పనిలో పేరు కోసం రావద్దని ముందే చెబుతున్నాను.

ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు ఏ శాలువా కప్పారో ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు, నాకూ పెద్దగా గుర్తులేదు. గుర్తున్నవి గొంతులు.

ఖాళీ తీశావా?

మా చీఫ్ ఇంజనీరు చలపతి గారు నోటి దురుసు మనిషి. నేను చేరిన కొత్తలో నా చేతికి ఏ పరికరమూ ఇవ్వలేదు. ఖాళీ గదిలో కూర్చోబెట్టి, ఏం వినపడుతోందో చెప్పమన్నారు.

"ఏమీ వినపడట్లేదండీ" అన్నాను.

"అయితే ఇంటికెళ్ళి పడుకో. ఇక్కడ జీతం దండగ."

రోషంగా మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు వినపడింది ట్యూబులైటు సన్నగా గుంయ్ మనడం, పక్క గోడలో పైపు కారడం, నా ఊపిరి. ఏ గదికైనా దానికంటూ ఒక నిశ్శబ్దం ఉంటుందని, ఒక గది నిశ్శబ్దం ఇంకో గదికి సరిపోదని అలా తెలిసింది. షూటింగ్ ఎక్కడ జరిగినా అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ చోటు నిశ్శబ్దాన్ని కాసేపు విడిగా రికార్డు చేసుకు రావాలి. మాటకూ మాటకూ మధ్య అదే పరుస్తాం. దాన్ని చలపతి గారు 'ఖాళీ' అనేవారు. "ఖాళీ తీశావా?" అన్నది ఆయన రోజూ అడిగే మొదటి ప్రశ్న.

ఒకసారి ఓ దర్శకుడు తొందరపడి, అవసరం లేదు పదండి అని ఖాళీ తియ్యనివ్వలేదు. ఆ సినిమాలో తల్లీకూతుళ్ళు ఏడ్చే సీనుంది. వాళ్ళు మాట ఆపిన ప్రతిసారీ శబ్దం పూర్తిగా పోయి, హాల్లో జనం స్పీకర్లు చెడిపోయాయని ఈలలు వేశారు. తల్లి ఏడుపు ఎవరికీ పట్టలేదు. నిర్మాత చలపతి గారి మీద అరిచాడు. ఆయన ఆ దర్శకుడి పేరు చెప్పకుండా తిట్లన్నీ తినేసి, బయటికొచ్చి నాతో "చూశావా, ఖాళీకి ఎంత విలువుందో" అన్నారు. బాసు ఎలా ఉండాలో నాకు ఆ రోజు తెలిసింది.

వంకాయలు, కేకలు

మా స్టూడియోకి అన్నపూర్ణమ్మ అని ఒకావిడ వచ్చేది. ఆవిడకి మాటలు ఇచ్చేవారు కాదు, అరుపులే ఇచ్చేవారు. హీరోయిన్‌ని రౌడీలు ఎత్తుకెళ్ళినా, మేడ మీంచి తోసేసినా ఆ కేక అన్నపూర్ణమ్మదే. నల్లకుంట మార్కెట్లో వంకాయలు కొనుక్కుని, ఆ సంచీతోనే మైకు ముందుకు వచ్చేది. ప్రాణం పోతున్నట్టు అరిచేసి, "సరిపోయిందా బాబూ? బస్సు టైమవుతోంది" అనేది.

అంత భయం ఎక్కడినుంచి తెస్తారని ఒకసారి అడిగాను.

"నిజంగా భయమేస్తే అరుపు రాదు బాబూ. గొంతు పట్టేస్తుంది. ఇది నా భయం కాదు కాబట్టి వస్తోంది" అంది.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాట నాకు అవసరమయ్యేసరికి రిటైరైపోయాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. మా డబ్బింగ్ గదిలో హీరో ఎప్పుడూ మా కోస్తా తెలుగే మాట్లాడేవాడు. జేబుదొంగ, తాగుబోతు, రౌడీ పక్కనుండే పిరికివాడు వస్తే మాత్రం దర్శకుడు గాజు అవతలినుంచి, "దొంగ కదండీ, కాస్త తెలంగాణ తగిలించండి" అనేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే వేసినట్టే వేసేవారు. మాది గుడివాడ దగ్గర ఊరు, మా నాన్నగారి ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే తార్నాక వచ్చేశాం. కాబట్టి ఆ యాస మాకు వినోదంగానే ఉండేది. అది ఎవరికైనా ఇంట్లో తల్లి మాట్లాడే భాష అని ఆ గాజు గదిలో ఒక్కరికీ తోచలేదు. దీన్ని పొరపాటు అంటే చాలా మర్యాదగా చెప్పినట్టే.

గేటు దాటని మనిషి

నేను రిటైరయ్యేనాటికి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. మా ఇల్లు తార్నాకలో, యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరంలో. మేడ మీద గదిలో ఇద్దరు విద్యార్థులు అద్దెకుండేవారు. రాజేందర్‌ది జనగామ దిక్కు, యాదగిరిది భువనగిరి దగ్గర పల్లె. ఇద్దరివీ వ్యవసాయం చేసే కుటుంబాలే. రాజేందర్‌కి సినిమా పిచ్చి. యాదగిరికి రాజేందర్ ఏం చెబితే అదే పిచ్చి.

ఇలాంటి రోజుల్లో వాళ్ళని ఎందుకు ఉంచారని మా చుట్టాలు ఫోన్లు చేసేవారు. మా ఆవిడ సుభద్ర, "అద్దెకుంటున్నారు కాబట్టి ఉంచాం" అని ఫోను పెట్టేసేది. క్యాంపస్‌లో పోలీసులు బాష్పవాయువు వదిలినప్పుడు ఆ ఘాటు మా వీధిదాకా వచ్చేది. ఈవిడ తువ్వాళ్ళు తడిపి గేటు మీద ఆరేసేది. కళ్ళు మండుతూ పరిగెత్తుకొచ్చిన పిల్లలు మొహం తుడుచుకుని, మళ్ళీ అక్కడే వేసి పోయేవారు.

సుభద్ర బౌద్ధనగర్‌లో ఒక బడిలో చిన్న తరగతుల టీచరుగా చేసి రిటైరైంది. బడి వదిలాక పిల్లల్ని రోడ్డు దాటించడానికి గేటు దగ్గర ఈవిడే నిలబడేది. ఆ కేకలకి బస్సులే ఆగేవి. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే క్యాంపస్‌లోకి నడకకి వెళ్ళేది. ఒకరోజు అలా వెళ్తుంటే, మా వీధి చివర పైపుల కోసం గొయ్యి తవ్విన చోట, హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బండి మీద వచ్చి మెళ్ళో గొలుసు లాక్కుపోయాడు.

మెడ మీద గీత పడింది, ఇంకేమీ కాలేదు. పోలీసులు వచ్చి రాసుకు వెళ్ళారు. గొలుసు సంగతి ఆవిడ పెద్దగా తలుచుకోలేదు. "అరవలేకపోయానండీ" అని మాత్రం అనేది. "అంత గొంతేసుకుని, నోరు తెరిస్తే మాట రాలేదు."

ఆ రోజునుంచి సుభద్ర గేటు దాటలేదు. కూరలు నేనే తెచ్చేవాణ్ణి. గుడికి పదమంటే మోకాలు నొప్పి అనేది, మేడ మీదకి మాత్రం ఆ మోకాలితోనే చకచకా ఎక్కేది. ఓ మధ్యాహ్నం చిక్కుళ్ళు వలుస్తూ అడిగింది.

"ఏవండీ, చిన్నప్పుడు విన్న గొంతు పెద్దయ్యాక గుర్తుపట్టగలమా?"

"గొంతు మారిపోతుంది. మాటని సాగదీసే తీరు మాత్రం మారదు. చెవి ఉన్నవాళ్ళు పట్టేస్తారు" అన్నాను, నా పని గురించి అడిగిందని సంబరంగా.

ఆవిడ చిక్కుళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మీ దొంగను సంపుత మేడం

కొన్నాళ్ళకి రాజేందర్ మెట్లు దిగివచ్చి, వంటింటి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, మీరు పర్మిషన్ ఇస్తే మీ దొంగను సంపుత."

సుభద్ర చేతిలో గరిటె ఆగిపోయింది.

"సినిమాల మేడం! షార్ట్ ఫిల్ము."

గొలుసు పోయాక ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. "ఎలా చంపుతావోయ్?"

"దూలతోని."

కథ చెప్పాడు. ఒక ముసలావిడ గొలుసు ఒకడు లాక్కుపోతాడు. పోలీసుల వల్ల ఏమీ కాదు. ఆవిడ గిల్టు గొలుసులు కొని, ఒక్కోదానికీ దూలగొండి పొడి రాసి, రోజుకొకటి వేసుకుని అదే మూలకి వెళ్తుంది. దొంగ రోజూ లాక్కుపోతాడు, రోజూ గోక్కుంటాడు. చేతులు, మెడ, వీపు అంతా దద్దుర్లు. అయినా ఆశ చావదు. చివరికి బండి నడుపుతూనే రెండు చేతులా గోక్కోబోయి, గోతిలో పడి చస్తాడు. ముసలావిడ అంచున నిలబడి చూసి నవ్వుతుంది.

"దూలగొండి అంటే దురదగొండేనా?" అంది సుభద్ర.

"ఆ, గదే మేడం. మా దిక్కు దూలగొండి అంటరు."

"ఏ దిక్కయినా దురద ఒకటేగా. బావుంది, చంపెయ్" అంది.

ముసలావిడ వేషానికి ఒప్పుకున్న నాటకాల నటి బంద్ అని రాలేదు. తర్వాతి వారం కూడా బందే. మూడోసారి సుభద్ర తనే, "నేను వేస్తాలే. లాక్కోవడం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు" అంది. దొంగ వేషం యాదగిరిది. శబ్దం నాది, జీతం లేదు, టీ ఇస్తారు.

మేడ మీద సమావేశం

అసలు చిక్కు దొంగ డైలాగుల దగ్గర వచ్చింది. దొంగ మాట్లాడాలి. మాట్లాడాలంటే ఒక యాస ఉండాలి. మేడ మీద చాపేసుకుని కూర్చున్నాం.

"తెలంగాణల మాట్లాడితె క్యాంపస్‌ల మనల్ని బతకనిస్తరా? మల్ల మనోడే దొంగనా అని లొల్లి వెడ్తరు" అన్నాడు యాదగిరి.

"ఆంధ్రోళ్ళ లెక్క మాట్లాడితె?" అని రాజేందర్ నా వైపు చూసి తల దించుకున్నాడు. "కిందనే సార్ వాళ్ళున్నరు. మంచిగుండది."

"నాకేం ఫరవాలేదు" అన్నాను. నిజానికి కొంచెం ఫరవా ఉంది. కాలనీలో మావాళ్ళే చూస్తారు.

ఉర్దూ పెడదామా అంటే, పాతబస్తీ దోస్తులు ఊరుకోరన్నారు. హిందీ అంటే ఏదో బయటి రాష్ట్రం వాళ్ళని అన్నట్టుంటుందన్నారు. రాయలసీమ అంటే అందరం ఒకేసారి వద్దన్నాం. ఇంత పెద్ద దేశంలో ఒక దొంగకి భాష దొరకలేదు.

చివరికి యాదగిరే విసుగొచ్చి, "ఇగ నేను హెల్మెట్ తియ్య, నోరు దెరువ. గోక్కుంట ఉంట. అయిపాయె!" అన్నాడు. అలా మా దొంగ మూగవాడయ్యాడు.

బంద్ రోజుల షూటింగ్

మీకు పనికొచ్చే మాట ఒకటి. వీధిలో శబ్దం తియ్యాలంటే బంద్ రోజుని మించింది లేదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, హారన్లు లేవు. తార్నాక వీధి నిశ్శబ్దం ఎలా ఉంటుందో అంతకు ముందు నాకే తెలియదు. దూరంగా వేపచెట్టు మీద కాకులు, ఎవరింట్లోనో కుక్కరు, క్యాంపస్ వైపునుంచి అలలుగా జై తెలంగాణ. అంత మంచి 'ఖాళీ' నేను ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ తియ్యలేదు. నినాదాలు ఆగేదాకా ఆగుదామంటే రాజేందర్, "అవి ఉండనీ సార్, అవి లేకుంటె గిది మన గల్లీ ఎట్లయితది?" అన్నాడు. సరిగ్గా చెప్పాడు.

సుభద్ర నటన చూసి అందరం నోరెళ్ళబెట్టాం. నటించేది కాదు, అంతే. గిల్టు గొలుసు సర్దుకుంటూ, ఈ రోజు ఇంకాస్త ఎక్కువే రాశాను నాయనా అన్నట్టు దొంగ బండి వంక ఆశగా చూసేది. కెమెరా వెనక పిల్లలు నవ్వాపుకోలేక టేకులు పాడుచేశారు. అయితే యాక్షన్ అంటే వీధిలోకి, కట్ అంటే గేటు లోపలికి. టీ కూడా లోపలే తాగేది. గోతి దగ్గర సీనుకి నా చెయ్యి పట్టుకుని వచ్చింది.

మొదటి సీనులో గొలుసు లాగగానే ముసలావిడ కేక పెట్టాలి. సుభద్ర నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్ళీ తీశాం, రాలేదు. "డబ్బింగ్‌ల పెడదాం మేడం, ఏం కాదు" అన్నాడు రాజేందర్.

చివరి సీనులో ఒక చిన్న ప్రమాదం జరిగింది. దొంగ గోతిలో పడి ఉన్నాడు. ముసలావిడ అంచున నవ్వాలి. సుభద్ర ముందుకు వంగేసరికి కాలి కింద మట్టి జారింది. గోతిలో చచ్చిపడి ఉండాల్సిన యాదగిరి గాభరాగా చెయ్యెత్తాడు. ఆవిడ నిలదొక్కుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు. కెమెరాలో ఆ షాటు చూశాక రాజేందర్ దాన్ని తీసెయ్యలేకపోయాడు. అందులో ఏదో ఉందని నాకూ అనిపించింది.

ఒక్క మాట

డబ్బింగ్‌కి నేను పనిచేసిన స్టూడియో వాళ్ళే ఒక పూట గది ఇచ్చారు. సుభద్రని ఆటోలో తీసుకెళ్ళాం. తలుపు పక్క సోఫాలో కొంగు బిగించుకుని కూర్చుంది.

ముందు కేక. మైకు ముందు నిలబడింది, నోరు తెరిచింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను రికార్డింగ్ ఆపేశాను. అన్నపూర్ణమ్మ పాత కేకలు నా దగ్గర బోలెడున్నాయి, ఒకటి అతికిస్తే ఎవరికీ తెలియదు. చేతులు రాలేదు. నా భార్య నోట్లో ఇంకొకరి కేక పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. తర్వాత చూద్దాం అన్నాను.

చివరి సీను వేశాం. ముసలావిడ జారడం, దొంగ చెయ్యెత్తడం. రాజేందర్ తల గోక్కున్నాడు.

"సార్, కొట్టనీకి లేపినట్టున్నది. మాట లేకుంటె సమజైతలేదు."

"మాట పెట్టొచ్చు. హెల్మెట్ ఉంది కదా, పెదాలు కనపడవు. ఏదైనా అతుకుతుంది" అన్నాను.

"ఏ మాట?"

మళ్ళీ మొదటికొచ్చింది. జాగ్రత్త అంటే పుస్తకంలా ఉంది. సంభాలో అంటే ఉర్దూ. ఇద్దరూ వాదించుకుంటున్నారు. సోఫాలోంచి సుభద్ర అంది.

"పైలం అమ్మా."

అందరం తిరిగి చూశాం.

"అలా అనాలి. నిజం దొంగ అదే అన్నాడు."

పైలం అంటే జాగ్రత్తే. అయితే జాగ్రత్తలో కాస్త బెదిరింపు కూడా ఉంటుంది, పైలంలో చెయ్యి పట్టుకోవడమే ఉంటుంది. ఊరికి పోయేవాళ్ళకి, బడికి పోయే పిల్లలకి తెలంగాణ తల్లులు చెప్పే మాట అది. బౌద్ధనగర్ బడి దగ్గర ఆ తల్లుల నోట విని సుభద్రకీ అలవాటైంది. రోడ్డు దాటించి "పైలంరా నాన్నలూ" అని తన పుట్టింటి గుంటూరు గొంతుతో కేకేసేది. పిల్లలు అవతలినుంచి "పైలం టీచరమ్మా" అని అరిచేవారు. రోజూ అదే వీడ్కోలు.

"గొలుసు లాగగానే గోతిలోకి తూలాను" అంది సుభద్ర, ఎవరి వంకా చూడకుండా. "వాడు పోతూ పోతూ వెనక్కి తిరిగి 'పైలం అమ్మా' అన్నాడు. అరుద్దామని తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పోలీసులకి చెప్పలేదు. ఈయనకీ చెప్పలేదు. నేను రోడ్డు దాటించిన పిల్లల్లో ఒకడేమో! నాకు దొంగంటే భయం కాదు రాజేందరూ. బయటికెళ్తే వాడు ఎదురై, నేను గుర్తుపడతానేమోనని భయం."

చిక్కుళ్ళు వలుస్తూ నన్ను ఎందుకలా అడిగిందో అప్పుడు అర్థమైంది. లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

యాదగిరి మెల్లగా, "గుర్తువడితె ఏం జేస్తరు మేడం?" అన్నాడు.

సుభద్ర కొంగు సర్దుకుంది. "చెవి మెలిపెడతాను. తిన్నావా అని అడుగుతాను. ఏది ముందో తెలీదు."

రాజేందర్ ఇంకా తెర వంకే చూస్తున్నాడు. దొంగకి తెలంగాణ వద్దని మొదట పట్టుబట్టింది వాళ్ళే. ఈ సినిమా వెయ్యబోయేది క్యాంపస్‌లో, ఉద్యమంలో తిరుగుతున్న వాళ్ళ ముందు. ఆ ఒక్క మాట పెడితే దొంగ ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

"పెడదాం సార్" అన్నాడు. "మావోడే. కాకుంటె ఆ మాట ఎందుకంటడు?"

యాదగిరి మైకు ముందుకు వెళ్ళి మొదటిసారి వీరుడిలా అన్నాడు. రెండోసారి ఏడుపు గొంతుతో అన్నాడు. సుభద్ర హెడ్‌ఫోన్లు పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

"అలా కాదు యాదగిరీ. వాడేమీ ఆలోచించలేదు. మీ అమ్మ నీ సంచీ చేతికిస్తూ ఎలా అంటుంది?"

యాదగిరి ఈసారి మామూలుగా అనేశాడు.

సుభద్ర కళ్ళు మూసుకుంది. హెడ్‌ఫోన్లు తీసి నా ఒళ్ళో పెట్టి, "ఇదే" అంది. తర్వాత, "ఏవండీ, మొదటి సీనులో కేక వద్దు. నేనేం పిరికిదాన్ని కాదు. ఆ రోజు వాడి నోట ఆ మాట విన్నాక ఎవరరుస్తారు?" అంది.

మొదటి సీనులో ఆవిడ తెరిచిన నోటి మీద నేను తార్నాక వీధి ఖాళీని పరిచాను. కాకులు, కుక్కరు, దూరంగా నినాదం. నా పనంతటిలో నేను బాగా చేశాననుకునేది అదొక్కటే.

దుప్పటి తెర

హాస్టల్ ముందు దుప్పటి కట్టి, పొద్దుగూకుతుంటే సినిమా వేశారు. సుభద్ర రానంది. రాజేందర్ గేటు దగ్గరికొచ్చి, "మీరు రాకుంటె నేను వెయ్య మేడం" అని అక్కడే కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకుని వచ్చింది.

దొంగ గోక్కుంటుంటే కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. గోతిలో పడ్డప్పుడు ఈలలు. ముసలావిడ జారింది. చెయ్యి లేచింది. "పైలం అమ్మా" అని వినపడింది. నవ్వులు ఆగిపోయాయి.

సినిమా అయ్యాక ఒకతను లేచాడు. వాళ్ళలో పెద్దవాడు, మీటింగుల్లో మాట్లాడేవాడట. "తమ్మీ, సినిమాల్లో ఇన్నేండ్లు దొంగకు మన భాషనే పెట్టిన్రు. నువ్వు గూడ గదే జేసినవా?"

రాజేందర్ ముందుకొచ్చాడు. "దొంగకు పెట్టలేదన్నా. పైలం అన్నోనికి పెట్టిన."

అతను సుభద్ర వైపు తిరిగి, "మా అమ్మ గూడ గట్లనే అంటది, అమ్మా" అని కూర్చున్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఇంకొందరికి నచ్చలేదు, లేచి వెళ్ళిపోయారు. ఎవరిదీ తప్పని నేననుకోను.

శబ్దం పనికి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది ఇంతే. ఎవరి నోట్లోనైనా ఒక యాస పెట్టేముందు, ఆ యాసలో వాళ్ళమ్మ ఏమంటుందో తెలుసుకోండి. అది తెలిశాక కూడా దొంగని దొంగగా పెట్టొచ్చు, ఫరవాలేదు. మైకు ఏదైనా పనిచేస్తుంది.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. బయటికొచ్చి చూస్తే సుభద్ర కాన్వాసు బూట్లు వేసుకుని వీధిలో నిలబడి ఉంది. మెళ్ళో షూటింగు గిల్టు గొలుసు. దూలగొండి కడిగేశానంది. పరుగులాంటి నడకతో ఆవిడా, వెనక నేనూ. గోతి ఇంకా పూడ్చలేదు. దాని పక్కకి రాగానే వెనకనుంచి బండి చప్పుడు వినపడింది. గబగబా ఆవిడ పక్కకి చేరాను. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు మమ్మల్ని దాటుతూ, వెనక్కి తిరిగి, "పైలం అమ్మా!" అన్నాడు.

నిన్న సినిమా చూసినవాడు కావచ్చు. కాకపోవచ్చు. సుభద్ర నా వంక చూసింది. "గుర్తుపట్టారా?"

"లేదు" అన్నాను. నిజంగానే లేదు. "ఈ ఊళ్ళో అందరూ అలాగే సాగదీస్తారు."

ఆవిడ చప్పున ముందుకు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, బౌద్ధనగర్ బడి ముందు బస్సులు ఆపిన గొంతుతో అరిచింది.

"నువ్వే పైలంరా నాన్నా! రోడ్డు చూసుకో ముందు!"

వీధిలో కుక్కలు లేచాయి. బండి వాడు చెయ్యూపాడు.